నిజాం తపాలా బిళ్ళ: అక్షరమా, చిత్రమా?
హైదరాబాద్ సంస్థానపు తపాలా బిళ్ళల రూపకల్పనపై సేకర్తల అభిప్రాయాల సమీక్ష

హైదరాబాద్ సంస్థానం 1869 నుంచి 1950 వరకు, ఎనిమిది దశాబ్దాల పాటు, తన సొంత తపాలా బిళ్ళలను అచ్చువేయించుకుంది. ఆ బిళ్ళల రూపం బాగుందా లేదా, బాగుంటే ఏ కాలపు బిళ్ళ మేలైనది అన్న ప్రశ్నపై ఫిలాటెలీలో, అంటే తపాలా బిళ్ళలను సేకరించి వాటి ముద్రణనూ వాడుకనూ పరిశీలించే వ్యాసంగంలో, ఇప్పటికీ ఏకాభిప్రాయం కుదరలేదు. ఒక వర్గానికి తొలినాటి బిళ్ళలు అక్షరాలు కిక్కిరిసిన ముద్దలా కనిపిస్తే, మరొక వర్గానికి అవే దక్కన్ లేఖన కళకు చివరి నమూనాలుగా తోస్తాయి. ఒకరు 1931 నాటి చార్మినార్ బిళ్ళ దగ్గర ఆగిపోతే, ఇంకొకరు దాన్ని అందరికీ తెలిసిన కట్టడం బొమ్మగా తీసిపారేస్తారు. ఈ అభిప్రాయభేదాల వెనుక రుచిభేదం కంటే చదువరితనంలోని భేదమే ఎక్కువగా ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ బిళ్ళపై ఉన్న లిపుల్లో ఎన్నింటిని చదవగలరన్న దానిని బట్టే సేకర్త దాని రూపాన్ని మెచ్చడమో, మెచ్చకపోవడమో చాలావరకు జరుగుతూ వచ్చింది.

చిన్న అచ్చుకాగితాల రూపంపై ఇంత పట్టుదలగా వాదించుకోవడం ఒక్క తపాలా బిళ్ళలకే పరిమితమైన విషయం కాదు. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలతో వెలువడిన కార్డుల మీద, అంటే మొదట సిగరెట్ పెట్టెల్లోనూ ఆ తరువాత బబుల్‌గమ్ పొట్లాల్లోనూ పెట్టి ఇచ్చిన అట్టముక్కల మీద, ఇటువంటి వాదమే నడుస్తుంది. 1909-11 మధ్య సిగరెట్లతో వచ్చిన, తెల్లటి అంచు గల రంగుల లిథో కార్డులే శిఖరమని ఒకరంటే, 1952లో టాప్స్ కంపెనీ తెచ్చిన పెద్ద కార్డులో బొమ్మ, సంతకం, జట్టు గుర్తు, వెనుకవైపు అంకెలు ఒక పద్ధతిలో అమరాయని మరొకరంటారు. అదే కంపెనీ 1971లో వేసిన నల్ల అంచు కార్డులు చూపుకు గంభీరంగా ఉన్నా, అంచు ఏమాత్రం రాసుకున్నా లోపలి తెలుపు బయటపడి పాతబడ్డట్టు కనిపిస్తాయి గనుక, వాటి అందాన్ని వాటి మన్నిక నుంచి వేరుచేసి మాట్లాడడం సాధ్యం కాదు. అయితే అక్కడి వాదానికంతటికీ కేంద్రం మనిషి ముఖం. హైదరాబాద్ బిళ్ళపై పాలకుడి ముఖమే లేదు, కాబట్టి ఇక్కడి వాదం ఆరంభం నుంచే వేరొక దారి పట్టింది.

ఈ సంస్థానానికి సొంత బిళ్ళ ఎందుకు అవసరమైందో ముందు తెలుసుకోవాలి. ఇంగ్లండులో 1840లో తొలి తపాలా బిళ్ళ వెలువడ్డాక ఆ పద్ధతి 1852లో సింధ్ ప్రాంతం ద్వారా భారతదేశానికి చేరింది. బ్రిటిష్ ఇండియా తపాలా కార్యాలయాలు సంస్థానాల్లోనూ పనిచేసేవి. అయినా కొన్ని సంస్థానాలు తమ హద్దుల లోపలి ఉత్తరాలకు వేరే తపాలాను నడుపుకున్నాయి. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, మూడేళ్ళు నిండని మహబూబ్ అలీ ఖాన్ గద్దెనెక్కిన 1869వ సంవత్సరంలోనే, హైదరాబాద్ తొలి బిళ్ళ, ఒక అణా విలువతో, ముదురు ఆకుపచ్చ ఛాయలో విడుదలైంది. ఈ అణా బ్రిటిష్ అణా కాదు, హాలీ సిక్కా అణా. హాలీ సిక్కా అంటే సంస్థానపు సొంత నాణెం. వంద బ్రిటిష్ రూపాయలకు ప్రామాణికంగా 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ సిక్కా చెల్లేది. తన నాణెంతో, తన లిపులతో, తన హద్దుల లోపలే చెల్లే ఈ బిళ్ళ ఒక విధంగా సంస్థానపు ఉనికికి రసీదు వంటిది. దాని రూపంపై వాదించేవారు ఈ సంగతిని తరచుగా మరచిపోతారు.

1870లో వచ్చిన అర అణా, రెండణాల బిళ్ళలతో అసలు వివాదం మొదలవుతుంది. వీటిని సేకర్తలు ‘స్కెలిటన్’ బిళ్ళలని, అంటే అస్థిపంజరపు బిళ్ళలని పిలుస్తారు. తెల్లటి నేల మీద సన్నని గీతలు మాత్రమే కనిపించి, కండ లేని ఎముకల అల్లికలా ఉండడమే ఆ పేరుకు కారణం. ఈ పలకలను స్థానికంగా చెక్కారు. ఒక మూల నమూనాను యంత్రంతో పలకంతా ఒత్తే పద్ధతిని వాడకుండా, ప్రతి బిళ్ళనూ చేత్తో వేరువేరుగా చెక్కడం వల్ల షీటులోని 240 బిళ్ళల్లో ఏ రెండూ అచ్చంగా ఒక్కలా ఉండవు. సాంకేతిక ప్రమాణాలకు విలువనిచ్చే సేకర్తలకు ఇది చేతకానితనం. వంకర గీతలు, పొంతన లేని అక్షరాలు, నిలకడ లేని సిరా వారి కంటికి మొదట ఆనుతాయి. ‘ప్లేటింగ్’ చేసేవారికి, అంటే విడివిడిగా దొరికిన బిళ్ళలను పోల్చి ఏది షీటులో ఏ స్థానంలోనిదో నిర్ణయించి మొత్తం పలకను తిరిగి కూర్చేవారికి, ఆ లోపమే సంపద. 240 స్థానాలకు 240 చేతిగుర్తులు ఉండడం అంటే ఒక పనివాడి చెయ్యి ఎక్కడ అలసిందో, ఎక్కడ కుదురుకుందో చదవగలగడమే. అస్థిపంజరమన్న పేరులో వెటకారం ఉన్నా, ఈ బిళ్ళలకు ఆదరణ తగ్గకపోవడానికి కారణం ఈ చేతిపనే. అయితే ఈ ఆదరణను రూపకల్పనకు దక్కిన మెప్పుగా లెక్కగట్టడం సరికాదు. ప్లేటింగ్ చేసేవారు మెచ్చుకొనేది వైవిధ్యాన్ని, అమరికను కాదు.

1871లో మొదలై, స్వల్ప మార్పులతో నలభై ఏళ్ళ వరకు వాడుకలో ఉన్న తరువాతి వరుస ఇందుకు భిన్నమైనది. దీన్ని రీసెస్ పద్ధతిలో, అంటే లోహపు పలకపై గీతలను లోతుగా చెక్కి, ఆ లోతుల్లో సిరా నింపి, తడి కాగితాన్ని గట్టిగా ఒత్తి ముద్రించే పద్ధతిలో, నాణ్యమైన ఆంగ్లేయ పలకలతో తెచ్చారు. నడుమ పర్షియన్ లిపి, చుట్టూ ఇంగ్లీషు, తెలుగు, మరాఠీ లిపుల్లో విలువ, వాటి మధ్య ఖాళీ మిగలకుండా నింపిన అల్లిక దీని రూపం. సేకర్తల అభిప్రాయాలు అత్యంత పదునుగా చీలేది ఈ వరుస దగ్గరే. బొటనవేలి గోరంత చోటులో నాలుగు లిపులను ఇరికించడం వల్ల ఏ లిపికీ గాలి ఆడలేదని, దూరం నుంచి చూస్తే గోధుమరంగు మరకగా తప్ప మరేమీ తెలియదని ఒక వర్గం చెబుతుంది. రాణి తల ఒక్కటే నడుమ నిలిచి, కింద విలువ మాత్రమే ఉన్న సమకాలీన బ్రిటిష్ బిళ్ళలతో పోలిస్తే ఈ మాట నిజమే అనిపిస్తుంది.

కానీ ఆ పోలిక సరైనదేనా? తలకు ఉన్న పని వేరు, అక్షరానికి ఉన్న పని వేరు. పర్షియన్, ఉర్దూ రాతకు వాడే నస్తాలీఖ్ శైలిలో అక్షరాలు గీతపై వరుసగా నిలబడవు. పై నుంచి కిందికి వాలుతూ ఒకదానిపై ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ఆ రాతలో ఒత్తుగా ఉండడం లోపం కాదు, స్వభావం. మసీదు ద్వారాలపై, సమాధి రాళ్ళపై, రాజముద్రలపై నాలుగైదు పదాలను ఒక వలయంలోనో చతురస్రంలోనో పెనవేయడం దక్కన్‌లో శతాబ్దాల అలవాటు, కుతుబ్‌షాహీ సమాధుల రాతలే అందుకు సాక్ష్యం. ఈ వరుసలోని బిళ్ళ చిత్రపటాన్ని కాక రాజముద్రను అనుకరించిందన్న దృష్టితో చూస్తే ఆ కిక్కిరిసినతనానికి అర్థం దొరుకుతుంది. లిపి తెలియని సేకర్తకు నకాషీగా కనిపించేది తెలిసినవారికి వాక్యంగా వినిపిస్తుంది. తొలి కేటలాగులను, అంటే బిళ్ళలను వరుస సంఖ్యలతో, ధరలతో పట్టిక వేసే పుస్తకాలను, రాసినవారిలో అత్యధికులు మొదటి రకానికి చెందినవారు కావడం వల్ల వారి చూపే చాలాకాలం ప్రమాణంగా చెలామణీ అయింది. 1905లో వచ్చిన తరువాతి రూపానికి ‘సింబల్స్’, అంటే సంకేతాలు, అన్న పేరు స్థిరపడడం ఇందుకు చక్కని నిదర్శనం. చదవగలిగేవారికి అది సంకేతం కాదు, రాత.

తెలుగు సేకర్తలకు ఇక్కడ ప్రత్యేకమైన ఆసక్తి ఉంది. సంస్థాన జనాభాలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగే అయినా, పాలనలో పర్షియన్, 1880ల తరువాత ఉర్దూ రాజ్యమేలాయి. బడిలో, కచేరీలో తెలుగుకు దక్కని చోటు అర అణా బిళ్ళ అంచున దక్కింది. అది గౌరవమా, అవసరమా అన్నది వేరే చర్చ. విలువ ఎంతో తెలియకపోతే బిళ్ళ కొనేవారు ఉండరు గనుక అవసరమే కావచ్చు. రూపకల్పన దృష్టితో చూస్తే మాత్రం ఆ తెలుగు అక్షరాలు విమర్శకు గురయ్యేవే. తలకట్టు, గుణింతపు గుర్తులు, వంపుల లోపలి ఖాళీలు విడివిడిగా తెలిస్తేనే తెలుగు అక్షరం చదవడానికి వీలవుతుంది. అంత సన్నని గీతలో, అంత ఇరుకులో, ఆ లిపితో పరిచయం లేని చెక్కడపు చేతికి అది కొరుకుడుపడని పని. దేవనాగరికి పైగీత ఆధారంగా ఉంది, ఇంగ్లీషుకు నిలువు గీతలున్నాయి. తెలుగుకు గుండ్రన తప్ప వేరే ఆసరా లేదు. అందువల్ల ఈ నాలుగు లిపుల్లోకి తెలుగే ఎక్కువ నలిగిందని చెప్పడం అభిమానం కాదు, భూతద్దంతో చూసిన ఎవరైనా ఒప్పుకొనేదే.

ఇదే వరుసపై 1873 నుంచి పడిన ‘సర్కారీ’ ముద్రను గురించి కొంత చెప్పాలి. ప్రభుత్వ కార్యాలయాల ఉత్తరాలకు వాడే బిళ్ళలపై ఆ మాటను పర్షియన్ లిపిలో పైనుంచి అచ్చొత్తేవారు; దీన్ని ఓవర్‌ప్రింట్ అంటారు. రూపాన్ని ప్రేమించేవారికి ఇది నిండుగా ఉన్న గోడపై మళ్ళీ రాసిన రాత. అయినా పైపడిన రాత, అడుగున ఉన్న రాత ఒకే లిపివి కావడం వల్ల రెండూ కలిసిపోయే తీరు ఒకటుంది. బ్రిటిష్ రాజు ముఖంపై అడ్డంగా నల్లటి ఇంగ్లీషు అక్షరాలు పడ్డ ఇతర సంస్థానాల బిళ్ళలతో పోలిస్తే ఈ ముద్ర ఎబ్బెట్టుగా ఉండదు.

1931 నవంబరులో ఈ లిపి ప్రధాన సంప్రదాయం తెగింది. డి లా రూ సంస్థ తయారుచేసిన పలకలతో చిత్రాల వరుస వెలువడింది: ఒక అణాకు చార్మినార్, రెండణాలకు హైకోర్టు, నాలుగణాలకు ఉస్మాన్‌సాగర్ జలాశయం, ఎనిమిదణాలకు అజంతా గుహల ప్రవేశం, పన్నెండణాలకు బీదరు మదర్సా, రూపాయికి దౌలతాబాద్ కట్టడం. అదే సంవత్సరం ఫిబ్రవరిలో బ్రిటిష్ ఇండియా కొత్త ఢిల్లీ ప్రారంభోత్సవానికి తన తొలి చిత్రాల బిళ్ళలను తెచ్చినా, వాటిలో కట్టడం పక్కన రాజు ముఖం తప్పలేదు. స్వతంత్ర భారతం 1949 ఆగస్టులో చారిత్రక కట్టడాల, శిల్పాల వరుస తెచ్చేసరికి హైదరాబాద్ ఆ పని మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళు అవుతోంది.

ఈ వరుసను మెచ్చేవారి వాదం బలమైనదే. చార్మినార్ అప్పటికే సంస్థానపు నాణేలపై ఉన్న గుర్తు; దాన్ని అందరూ ఎక్కువగా వాడే ఒక అణాకు ఇచ్చి, అరుదుగా వాడే పెద్ద విలువలకు దూరపు కట్టడాలను ఇవ్వడంలో ఒక తూకం ఉంది. ఎంపిక చూస్తే రాజ్యపు నాలుగు దిక్కులూ, నాలుగు కాలాలూ కలిసివస్తాయి: బౌద్ధుల గుహ, బహమనీల మంత్రి మహమూద్ గవాన్ కట్టించిన విద్యాలయం, కుతుబ్‌షాహీల చార్మినార్, విన్సెంట్ ఎష్ రూపొందించిన న్యాయస్థానం, మూసీ వరదల తరువాత కట్టిన కొత్త జలాశయం. నేటి సంగారెడ్డి జిల్లా వెలిమెలలో నిలబడి ఈ వరుసను తలచుకుంటే అది భూగోళ పాఠం అవుతుంది. ఊరికి ఆగ్నేయాన గండిపేటలో నాలుగణాల బిళ్ళ ఉంది, పటాన్‌చెరు, సంగారెడ్డి మీదుగా జహీరాబాద్ వరకు వెళ్ళి మళ్ళితే పన్నెండణాల బిళ్ళ ఎదురవుతుంది. ఇవాళ మందుల కర్మాగారాలు, గోదాములు, రింగు రోడ్డు నిండిన ఆ దారి అప్పట్లో ఒక ఎర్ర బిళ్ళకూ ఒక నీలి బిళ్ళకూ మధ్య ఉన్న ఎడమే.

రంగుల సంగతికి వస్తే అభిప్రాయాలు మళ్ళీ విడిపోతాయి. జలాశయానికి నీలం, గుహకు నారింజ, మదర్సాకు ఎరుపు కుదిరాయని చాలామంది ఒప్పుకుంటారు; రూపాయి పసుపును మాత్రం సమర్థించేవారు తక్కువ. రీసెస్ ముద్రణ అందమంతా సన్నని గీతల సాంద్రతలో ఉంటుంది, పసుపు సిరాలో ఆ గీతలు తెల్లకాగితంలోకి జారిపోతాయి. అన్నింటికంటే ఖరీదైన బిళ్ళ అన్నింటికంటే చదవడానికి కష్టమైన బిళ్ళ కావడం రూపకర్త పొరపాటేనని చెప్పక తప్పదు.

దీన్ని మెచ్చని వర్గం వాదం మరొకటి. ఛాయాచిత్రాన్ని చూసి చెక్కిన కట్టడపు బొమ్మ ఏ దేశపు బిళ్ళకైనా సరిపోతుందని, 1871 వరుసను చూడగానే హైదరాబాద్ అని తెలిసినట్టు దీన్ని చూసి తెలియదని వారంటారు. ఇందులో కొంత నిజం ఉన్నా, చార్మినార్ విషయంలో ఈ వాదం నిలవదు. అక్షరాన్ని చదవలేని రైతు ఆ నాలుగు మీనార్లను గుర్తుపట్టగలడు. తపాలా బిళ్ళ చేయవలసిన మొదటి పని అదే.

అన్నింటికంటే ఎక్కువగా చర్చకు వచ్చేది ఈ బిళ్ళలపై లేని వస్తువు. జయపూర్, కొచ్చి వంటి సంస్థానాలు తమ రాజుల ముఖాలను బిళ్ళలపై ముద్రించగా, దేశంలోనే అతిపెద్ద సంస్థానాల్లో ఒకటైన హైదరాబాద్ తన నిజాం ముఖాన్ని ఒక్క తపాలా బిళ్ళపైనా వేయలేదు. ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవం జరిగిన 1937 ఫిబ్రవరిలో ఆయన ముఖం అమెరికాలో టైమ్ పత్రిక అట్టపైకి ఎక్కింది. అదే నెల ఆయన రాజ్యంలో విడుదలైన నాలుగు ఉత్సవపు బిళ్ళలపై యునానీ ఆసుపత్రి, ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం, జూబిలీ హాలు ఉన్నాయి. ఇస్లామీయ సంప్రదాయంలో మానవ రూపచిత్రణ పట్ల ఉన్న సంకోచమే కారణమని కొందరు, నాణేలపై ముఖం లేని అలవాటు బిళ్ళలకు పాకిందని కొందరు అంటారు. ఈ రెండూ ఒకదానికొకటి విరోధించేవి కావు. రెండు రంగుల్లో అచ్చైన ఈ నాలుగు బిళ్ళలను కళాదృష్టితో గొప్పవని చెప్పేవారు అరుదు. అయితే ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనం 1939 డిసెంబరులో గానీ ప్రారంభం కాలేదని గుర్తుంచుకుంటే, ఆ బిళ్ళలు గతాన్ని కాక రాబోయేదాన్ని చూపించదలచాయని తెలుస్తుంది. మనిషి ప్రధానాంశంగా హైదరాబాద్ బిళ్ళపైకి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక విడుదలైన విజయ స్మారక బిళ్ళలో. అతడు నవాబు కాదు, ఇంటికి తిరిగివస్తున్న సిపాయి. రాజు ముఖానికి లేని చోటు పేరులేని సిపాయికి దక్కడం ఈ బిళ్ళల కథలో అన్నింటికంటే విచిత్రమైన మలుపు.

చివరి బిళ్ళల గురించి సేకర్తలు తక్కువే మాట్లాడతారు. 1947లో సంస్కరించిన శాసనసభకు గుర్తుగా టౌన్‌హాలు, ఆ తరువాత ఒక అణా నాలుగు పైలకు విద్యుత్కేంద్రం, మూడణాలకు వరంగల్ కోటలోని కాకతీయ తోరణం, ఆరణాలకు గోల్కొండ వచ్చాయి. విద్యుత్కేంద్రపు బిళ్ళను కళాహీనమని పక్కనపెట్టడం పరిపాటి. పొగగొట్టాల నడుమ పెరిగిన పటాన్‌చెరు ప్రాంతపు సేకర్తకు అది అలా కనిపించనక్కరలేదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉండి, తరువాత కూల్చివేతకు గురైన ఆ కేంద్రం రూపం నిలిచిన కొద్ది చోట్లలో ఈ బిళ్ళ ఒకటి. తోరణం, చార్మినార్ రెండూ 2014లో తెలంగాణ రాజముద్రపై ఒకచోట చేరాయి గనుక, నిజాం తపాలా శాఖ ఎంపిక తరువాతి కాలపు ఎంపికకు దగ్గరగానే ఉందని ఒప్పుకోవాలి.

రూపం గురించిన వాదాల్లో మరుగున పడే అంశం చిల్లులు. బిళ్ళలను విడదీయడానికి వాటి మధ్య వేసే రంధ్రాల వరుస పాత హైదరాబాద్ షీట్లలో తరచుగా పక్కకు జరిగి, ఒక అంచున తెల్లటి పట్టీని మిగిల్చి మరో అంచున లిపిని కోసేస్తుంది. నాలుగు వైపులా సమానమైన అంచు ఉన్న బిళ్ళ దొరకడం కష్టం. అందుకే ఒక సేకర్త చూసిన బిళ్ళ, మరొకరు చూసిన బిళ్ళ పేరుకు ఒకటే అయినా, కంటికి ఒకటి కావు. అంచు తెగి, తెలుగు సగం పోయిన ప్రతిని చూసి ఆ రూపాన్ని నిందించేవారితో వాదించి లాభం లేదు, వారికి మంచి ప్రతిని చూపించాలి.

1950 ఏప్రిల్ 1న భారతీయ బిళ్ళలు వీటి స్థానంలోకి వచ్చాయి. దేవనాగరి, ఇంగ్లీషు మాత్రమే ఉన్న వాటితో రోజువారీ వాడుక బిళ్ళపై తెలుగు విలువ రాయడం ఆగిపోయింది. ఆ తరువాత పుట్టిన తెలుగు సేకర్తల్లో ఎక్కువమందికి నడుమ ఉన్న రాత చదవడం రాదు, అంచున నలిగిన తెలుగు మాత్రం వస్తుంది. కాబట్టి వారు బిళ్ళను అంచు నుంచి చూస్తారు, పాత కేటలాగుల వారు నడుమ నుంచి చూసినట్టు. వీరిలో ఒక భాగం విడి బిళ్ళలను వదిలి కవర్లవైపు, అంటే తపాలాలో నడిచి వచ్చిన పాత లిఫాఫాలవైపు, మళ్ళింది. సంస్థానం దాటి వెళ్ళే ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా బిళ్ళ, లోపల తిరిగేదానికి నిజాం బిళ్ళ అంటించిన ఆ లిఫాఫాలపై వారు వెతికేది ఊరి ముద్ర. సంగారెడ్డి ముద్ర ఎంత నల్లగా, ఎంత నిండుగా పడితే అంత విలువ. అది చార్మినార్ మీదుగా పడి రెండు మీనార్లను మింగేసినా వారికి అభ్యంతరం లేదు.